కాల్పులు ఆపింది ఎవరి మీద?

జనవరి వచ్చిందంటే మన జిల్లాలో కంది కట్టె కోసి కళ్ళానికి తోలే పని ఒక పక్క, పరిటాల రవి వర్ధంతి ఫ్లెక్సీలు కట్టే పని ఒక పక్క. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున, పట్టపగలు, తెలుగుదేశం జిల్లా ఆఫీసులో పెనుకొండ ఎమ్మెల్యేను కాల్చి చంపినారు. ఇరవై ఏండ్లు దాటిపాయె. ఆ పొద్దు పుట్టిన పిల్లోడు ఈ పొద్దు ఓటేస్తున్నాడు. ఫ్లెక్సీ మీద ఫోటో మాత్రం ఏటేటా కొత్త రంగులో మెరుస్తానే ఉంది.

రవిని పొగిడేదానికో తిట్టేదానికో ఈ సంపాదకీయం రాయడం లేదు. ఆ రెండు పనులకూ సినిమాలు, చానెళ్ళు, పార్టీ పత్రికలు చాలినన్ని ఉన్నాయి. మమ్మల్ని పట్టి పీడిస్తున్నది ఒక తేదీల సంగతి. 2005 జనవరి మధ్యలో మావోయిస్టులు, జనశక్తి వాళ్ళు ప్రభుత్వంతో చర్చల నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించినారు. ఏడెనిమిది నెలల కాల్పుల విరమణ ఆ ప్రకటనతో ముగిసింది. దాని తర్వాత వారం రోజులకే అనంతపురంలో రవి కూలిపోయినాడు. ఒక వార్తను పత్రికలు 'శాంతి చర్చలు' అనే శీర్షిక కింద వేసినాయి, రెండోదాన్ని 'ఫ్యాక్షన్' అనే శీర్షిక కింద వేసినాయి. ఆ రెండు శీర్షికల నడుమ గీత గీసిందెవరు? అంతకుముందు ఏడెనిమిది నెలలు ఈ రాష్ట్రంలో ఆగిన తుపాకులు ఎవరివి, ఆగనివి ఎవరివి?

ఈ మాటే మొన్న యాడికి చేనేత వీధిలో వచ్చింది. గుంట మగ్గంలో కూర్చున్న పెద్దాయన ఆట ఆపకుండానే ఒక మాటన్నాడు: "కాల్పులు ఆపింది అడివిలో గదా నాయనా. ఊర్లో యాడ ఆపినారు?"

ఆయన అడిగింది చిన్న ప్రశ్నేమీ కాదు. కొంచెం వెనక్కి పోయి చూద్దాం.

2004 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచింది. నక్సలైట్లతో మాట్లాడతామని ఎన్నికల ముందే చెప్పింది గనక వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జూన్‌లో కాల్పుల విరమణకు దిగింది. పీపుల్స్‌వార్ మీద నిషేధం గడువు జూలైలో తీరిపోతే పొడిగించలేదు. 1997 నుంచి రెండు పక్షాల హింస మీదా మాట్లాడుతూ, రెండు పక్షాల తిట్లూ తింటూ వచ్చిన ఎస్.ఆర్. శంకరన్, ఆయన పౌరస్పందన వేదిక మిత్రులు ఆ దారికి ముండ్లు ఏరినారు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో చర్చలు జరిగినాయి. నల్లమల నుంచి రామకృష్ణ, సుధాకర్, గణేశ్ వచ్చినారు, జనశక్తి నుంచి అమర్, రియాజ్ వచ్చినారు. ఎదురుగా హోంమంత్రి జానారెడ్డి కూర్చున్నాడు. అడివిలోని మనుషుల్ని చూసేదానికి జనం తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చినారు. భూమి గురించి మాట్లాడినారు, ప్రజాస్వామిక హక్కుల గురించి మాట్లాడినారు. ఆయుధాలు పట్టుకొని ఊర్లలోకి రావచ్చా కూడదా అన్న కాడ బండి కూరుకుపోయింది. రెండో విడత చర్చలు జరగనే లేదు. జనవరి మొదట్లోనే మళ్ళీ ఎన్‌కౌంటర్ల వార్తలు మొదలైనాయి.

ఆ నెలల్లో ఊర్లు ఊపిరి పీల్చుకున్న మాట నిజం. ఎన్‌కౌంటర్ పేరుతో రోజుకొక శవం లెక్కన లేచిన రాష్ట్రంలో అది చిన్న సంగతి కాదు. ఆ కాల్పుల విరమణను ఎగతాళి చేసేవాళ్ళతో మాకు పొత్తు లేదు. అట్లాంటిది మళ్ళీ రావాలనే కోరుకుంటాం. 2025లో మావోయిస్టులు మళ్ళీ కాల్పుల విరమణ మాట ఎత్తితే కేంద్రం చెవిన పెట్టలేదు. ఆ మే నెలలోనే వాళ్ళ ప్రధాన కార్యదర్శి, మన శ్రీకాకుళం మనిషి నంబాల కేశవరావు అబూజ్‌మాడ్‌లో హతమైనాడు. మాట్లాడే మనిషే లేకుండా చేసుకోవడం శాంతి ఎట్లయితుందో ఢిల్లీవాళ్ళే చెప్పాల.

అయితే 2004 కాల్పుల విరమణ రెండు తుపాకుల నడుమ జరిగింది. ఒకటి సర్కారుది, రెండోది దళాలది. ఈ రాష్ట్రంలో తుపాకులు ఆ రెండేనా? రాయలసీమలో ముఠాల చేతుల్లోని నాటుబాంబులు ఏ ఒప్పందం కిందికి వస్తాయి? ఎమ్మెల్యేల వెనక సుమోల్లో తిరిగే మనుషుల చేతుల్లోవి? పులుల పేరుతో, కోబ్రాల పేరుతో పౌరహక్కుల కార్యకర్తల ఇండ్లకు ఫోన్లు చేసి బెదిరించే ముఠాలవి? 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని చంపింది అట్లాంటి ముఠాలే. చర్చల బల్ల దగ్గర ఆ చేతులకు కుర్చీ లేదు, ఆ చేతుల్లో చచ్చినవాళ్ళకు లెక్కా లేదు.

మన జిల్లా సంగతి చూడండి. 2004 మేలో సర్కారు మారింది. సర్కారు మారితే ఇక్కడ కలెక్టరు, ఎస్పీ మాత్రమే మారరు. ఊర్లో ఎవరు రచ్చకట్ట మీద కూర్చోవాల, ఎవరు ఊరు విడిచి పోవాల అన్నది కూడా మారుతుంది. తమ కార్యకర్తల్ని వరసపెట్టి చంపుతున్నారని తెలుగుదేశం గోల పెట్టింది. దానికి బదులుగా అవతలివాళ్ళు అంతకుముందు ఏండ్లలో చచ్చిన తమవాళ్ళ జాబితా తీసినారు. నీ జాబితా, నా జాబితా. రెండు జాబితాల్లోనూ ఉన్నది చనిపోయిన మనుషులే కదా, రెండూ కలిపి ఒక పుస్తకంలో రాద్దామన్న పెద్దమనిషి ఒక్కడూ లేడు. తనకు ప్రాణహాని ఉందని, భద్రత తగ్గించినారని రవి బహిరంగంగానే చెప్తా వచ్చినాడు. ఆయన్ను చంపిన రోజు రాష్ట్రమంతా బస్సులు తగలబడినాయి. తగలబెట్టినవాళ్ళలో చాలామందికి రామగిరి యాడుందో కూడా తెలిసి ఉండదు.

'అది ఫ్యాక్షన్ హత్య, దాన్ని తీసుకొచ్చి శాంతి చర్చలకు ముడిపెడతారేమి' అని అడిగేవాళ్ళు ఉంటారు. ఫ్యాక్షన్ అనే మాట మన నెత్తిన పెద్ద గుదిబండ. హైదరాబాదులో ఎమ్మెల్యేను చంపితే రాజకీయ హత్య, అనంతపురంలో చంపితే ఫ్యాక్షన్! అంటే అదేదో మన నెత్తురులోనే ఉంది, దానికి కారణం వెతకబల్లేదు, పరిష్కారం అసలే అక్కర్లేదు అని. 1999లో సమరసింహారెడ్డి ఆడినప్పటి నుంచి పదేండ్లపాటు తెలుగు సినిమా ఆ మాటను అమ్ముకొని బతికింది. ఎర్రమట్టి, తెల్లబట్టలు, గాల్లో లేచే సుమోలు. 2010లో రవి కథనే రక్తచరిత్ర అని తీసినారు. చరిత్రలో రక్తం మాత్రమే మిగిలింది, భూమి మాయమైంది.

ఎందుకంటే ఈ కథ మొదలైంది భూమి దగ్గర. రవి తండ్రి పరిటాల శ్రీరాములు భూస్వాముల భూములు పేదలకు దక్కాలని నిలబడినాడు. 1975లో ఆయన్ను చంపినారు. 1982లో కొడుకు హరి పోలీసు ఎన్‌కౌంటర్‌లో పోయినాడు. 1983లో గంగుల నారాయణరెడ్డిని చంపినారు. 1991లో ఎమ్మెల్యే సానె చెన్నారెడ్డిని చంపినారు. 1993లో మద్దెలచెరువులో టీవీలో పెట్టిన బాంబు ఒక కుటుంబాన్ని కూల్చింది. 1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో శ్రీరాములు మీద తీస్తున్న సినిమా మొదలుపెట్టే చోట కారుబాంబు పేలి 26 మంది చచ్చిపోయినారు. వాళ్ళలో కెమెరా మోసుకొచ్చిన టీవీ పనివాళ్ళూ ఉన్నారు. ఏ వర్గానికీ చెందని మనుషులు. 2005లో రవి. తానే చంపానని టీవీలో చెప్పుకున్న మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురం జైల్లోనే తోటి ఖైదీ చేతిలో చచ్చినాడు. మద్దెలచెరువు సూరి 2011 జనవరిలో హైదరాబాదులో తన కారులోనే, తన మనిషి చేతిలోనే పోయినాడు. ఈ వరసలో ఏ ఇద్దరి నడుమ అయినా 'ఇంక చాలు' అని నిలబడే మూడో మనిషి కనబడతాడా? కనబడడు. ఎందుకు కనబడడో చూడాలంటే ఒక మాట గురించి చెప్పుకోవాల.

అడివిలో ఆ మాట 'ఇన్‌ఫార్మర్'. పోలీసు నీడలో 'నక్సల్ సానుభూతిపరుడు'. మన ఊర్లో 'ఎదుటి వర్గం మనిషి'. ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి ఒక మనిషికి తగిలిస్తే చాలు, వాన్ని చంపడం చంపడం కిందికి రాదు, కాల్పుల విరమణ ఉన్నా సరే. ఇది మన రాష్ట్రానికే పరిమితమైన జబ్బు కూడా కాదు. మన రాయలచెరువు మీదుగా పోయే మద్రాసు రైలు ఎక్కి, ఆ పైన సముద్రం దాటితే శ్రీలంక. అక్కడి తమిళులు ఇదే పనికి వాడిన మాట మనకు తెలిసిందే. తురోగి. మన ద్రోహియే.

శ్రీరాములును చంపిన అదే 1975లో, జూలై 27న, యాళ్పాణం అని తమిళులు పిలుచుకునే జాఫ్నా మేయరు ఆల్‌ఫ్రెడ్ దురైయప్పను గుడి దగ్గర కాల్చినారు. కాల్చింది ప్రభాకరన్, ఇరవై ఏండ్ల పిల్లోడు. చచ్చినాయన సింహళుడు కాదు, తమిళుడే. సింహళ పార్టీతో కలిసినాడని తురోగి అన్నారు. తమిళుల కోసం పట్టిన తుపాకీ పేరుమోసిన మొదటి గుండు తమిళుని మీదే పేలింది. 1989లో ప్రేమదాస ప్రభుత్వంతో పులులు చర్చలు జరుపుతున్న రోజుల్లో, జూలై 13న, కొలంబోలో తమిళుల పెద్దనాయకుడు అమృతలింగాన్ని ఆయన ఉన్న ఇంట్లోనే చంపినారు. ఆయన్ను మాట్లాడాలని అడిగి వచ్చిన మనుషులే ఆ పని చేసినారు. 1990 జూన్‌లో మన మద్రాసు నగరంలోనే ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయన సహచరుల్ని కాల్చి చంపినారు.

తర్వాత 2002 ఫిబ్రవరి 22న రణిల్ విక్రమసింఘే, ప్రభాకరన్ సంతకాలతో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. నార్వే మధ్యవర్తి. మనకు లేనిది వాళ్ళకు ఉండింది: నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశాల మనుషులతో ఒక పర్యవేక్షణ సంఘం. ఎవరు ఒప్పందం మీరినారో రాసి, పేరు పెట్టి చెప్పేదానికే వాళ్ళు వచ్చినారు. ఒప్పందంలో ఒక నియమం ఉంది, చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. పులులు కాని ఇతర తమిళ సాయుధ సంఘాల ఆయుధాలు ప్రభుత్వం తీసేయాల. కాగితం మీద చూస్తే న్యాయమే. కానీ నిన్నటిదాకా పులుల కంట్లో తురోగి అయిన మనిషి రేపు పొద్దున ఒట్టి చేతులతో అదే వీధిలో నడవాల. అతని ప్రాణానికి పూచీ ఎవరు? ఆ వాక్యం రాసిన చేతులు దాని కింద ఇంకో వాక్యం రాయలేదు.

2003 జూన్ 14న ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు సుబదిరన్ యాళ్పాణంలో తెల్లారుజామున మిద్దె మీద కసరత్తు చేస్తుంటే దూరం నుంచి గురిచూసి కాల్చినారు. కాల్పుల విరమణ అమల్లోనే ఉంది. సైన్యం మీద గుండు పేల్లేదు కదా! 2004 మార్చిలో తూర్పు నాయకుడు కరుణ పులుల నుంచి విడిపోయినాడు. అప్పటి నుంచి తూర్పున తమిళుని చేతిలో తమిళుడు చావని వారం లేదన్నట్లు సాగింది. ఇది ఒక పక్క పాపమే అనుకుంటే తప్పు. 2005 ఏప్రిల్‌లో పులుల వైపు మొగ్గు ఉన్న విలేకరి శివరామ్‌ను కొలంబోలో ఎత్తుకుపోయి చంపినారు. శవం పార్లమెంటు దగ్గర దొరికింది. ఆగస్టు 12న తమిళుడైన విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్ తన ఇంట్లో తూటాకు బలైనాడు. డిసెంబరులో క్రిస్మస్ అర్ధరాత్రి ప్రార్థనలో, మట్టకళప్పు చర్చిలో, పులులను సమర్థించే ఎంపీ జోసెఫ్ పరరాజసింగంను కాల్చినారు. 2006 ఆగస్టు 12న శాంతి సచివాలయంలో పనిచేస్తున్న కేదీష్ లోగనాథన్. నవంబరు 10న ఎంపీ రవిరాజ్. ఒక్కొక్కరూ ఒక్కో మాట మాట్లాడే మనుషులు, ఒకరితో ఒకరికి పడని మనుషులు. అందరూ తమిళులే.

పర్యవేక్షకులు ఏం చేసినారు? రాసినారు. వేల ఉల్లంఘనలు రాసినారు. వాటిలో ఎక్కువ భాగం పులుల పేరు మీదే ఉన్నాయి. ఆపే అధికారం వాళ్ళకు లేదు. అయినా ఆ రాతను తక్కువ చేయబల్లేదు. ఈ పొద్దు ఇంత దూరంలో, యాడికిలో కూర్చొని మేము ఈ పేర్లు, తేదీలు చెప్పగలుగుతున్నామంటే వాళ్ళూ, వాళ్ళలాగే అక్కడి విలేకరులూ, హక్కుల సంఘాలవాళ్ళూ ప్రాణాలకు తెగించి రాయబట్టే. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందం నుంచి అధికారికంగా బయటికొచ్చింది. 2009 మేలో ముల్లివాయిక్కాల్ ఇసుకలో పులులూ, పులుల చేతిలో చిక్కుకొని సైన్యం గుండ్ల కింద నలిగిన వేలమంది మామూలు జనమూ పోయినారు. ఆ చివరి నెలల్లో ఆ జనం తరఫున కొలంబోతోనూ ప్రభాకరన్‌తోనూ రెండు పక్కలా గొంతెత్తి మాట్లాడగలిగిన తమిళ నాయకులు ఎంతమంది మిగిలినారు? మిగిలి ఉండాల్సినవాళ్ళ పేర్లే పైన రాసినాం.

ఇప్పుడు మళ్ళీ మన దగ్గరికి రండి. మన కాల్పుల విరమణలో రాసే చెయ్యి కూడా లేదు. నియమాల మీద రెండు పక్షాలూ మాట్లాడుకున్నాయి గానీ, ఇది ఉల్లంఘన, చేసింది వీళ్ళు అని తేల్చి చెప్పే అధికారం గల సంఘం ఒకటి నిలబడలేదు. దాని ఫలితం 2005 అంతా చూసినాం. అక్టోబరులో మంత్రి ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న రియాజ్‌ను జూలై 1న కరీంనగర్ జిల్లాలో 'ఎన్‌కౌంటర్' చేసినారు. చర్చలకు వచ్చిన మనిషిని! ఆగస్టు 15న, జెండా పండగ పూట, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, పక్కనున్న వాళ్ళను మావోయిస్టులు కాల్చి చంపినారు. రెండు రోజులకు నిషేధం మళ్ళీ వచ్చింది. అదే ఆగస్టులో మహబూబ్‌నగర్ జిల్లాలో ఉపాధ్యాయుడు కనకాచారి, సెప్టెంబరులో కులనిర్మూలన పోరాటంలో ఉన్న మన్నెం ప్రసాద్ కోబ్రాల పేరుతో జరిగిన హత్యల్లో పోయినారు. ఏ పక్క తుపాకీ అయినా మొదట వెతికింది ఎదుటి పక్క సైనికున్ని కాదు. ఎదుటివాని మాటను జనంలో వినిపించే మనిషిని.

ఇట్లా రెండు పక్కలా చూడాలని చెప్పినవాళ్ళు మనకు లేక కాదు. బళ్ళారిలో పుట్టిన బాలగోపాల్ 1998లో పాత సంఘం విడిచి మానవ హక్కుల వేదిక పెట్టింది ఈ ప్రశ్న మీదే. సర్కారు హింసను అడిగిన గొంతు ఉద్యమాల హింసనూ అడగాల్నా వద్దా? అడగాలన్నందుకు ఆయన్ను ఎన్ని మాటలన్నారో పాతవాళ్ళకు గుర్తుంటుంది. 2009లో ఆయన పోయినాడు, 2010లో శంకరన్ పోయినాడు. ఆ ఇద్దరి స్థానం ఖాళీగానే ఉంది.

సీమలో కూడా రాజీలు జరుగుతాయి. ఎన్నికల ముందో, ఆడపిల్ల పెండ్లి ముందో, వాయిదాలకు తిరిగి తిరిగి ఎకరాలు కరిగిపోయినాకనో పెద్దమనుషులు కూర్చుంటారు. ఆ రాజీల లోపల జరిగేది అందరికీ తెలుసు. కోర్టులో సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసు కొట్టేస్తారు, రెండు వర్గాల పెద్దలు ఒకే కారులో ఊర్లోకి వస్తారు. చచ్చినవాని పెండ్లాము ఆ కారును వాకిట్లో నుంచి చూస్తుంది. ఆమెను అడిగి రాజీ చేసిన ఊరు ఒక్కటి చూపించండి. చచ్చినవాళ్ళు కూడా ఎక్కువమంది పెద్దలు కాదు. వాళ్ళ వెనక నడిచిన కూలీలు, బోయోళ్ళు, మాదిగోళ్ళు, అరెకరం చేనుగల రైతులు. పెద్దాయన ఫోటో ఫ్లెక్సీ మీదికి వస్తుంది. ఆయన వెంట పోయి, ఆయనతోపాటు కూలినవాని పేరు వాని ఊరివాళ్ళే మరిచిపోతారు. రాజీ పెద్దలకు కాల్పుల విరమణ. వీళ్ళకు ఏమిటి?

కాగితాల సంగతి సీమవాళ్ళకు ఇంకొకరు చెప్పాల్నా? 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో పెద్దమనుషులు సంతకాలు పెట్టినారు. నీళ్ళన్నారు, రాజధానో హైకోర్టో అన్నారు. అమలు చూసే నాథుడు లేని ఒప్పందం ఎట్లుంటుందో ఎనభై ఏండ్లు దాటి అనుభవిస్తున్నాం. దాన్ని గుర్తుచేసి కోస్తా నాయకులను నిలదీసే మనం, మన ఊర్లో జరిగే రాజీకి అమలు చూసేవాడు ఎవరని అడగం. ఇది మా మీద మేము వేసుకుంటున్న మొట్టికాయ కూడా.

ఇంకొకటి ఉంది, చెప్పక తప్పదు. ప్రత్యేక రాయలసీమ అడిగే ఉద్యమం మనది. గత కొన్నేండ్లుగా మన సభల్లో, మన కరపత్రాల్లో 'సీమద్రోహి' అనే మాట దండిగా దొర్లుతోంది. రాష్ట్రం వద్దు, నీళ్ళు చాలు అన్నవాడు సీమద్రోహి. నీళ్ళు కాదు, హైకోర్టు చాలు అన్నవాడు సీమద్రోహి. ఏదో పార్టీలో ఉంటాడు గనక ఇంకొకడు సీమద్రోహి. ఈ పత్రికలో కూడా ఆ మాట అచ్చయింది. ఎవరో రాసిన వ్యాసంలో కాదు, ఈ పేజీలోనే, మా చేత్తోనే. మా చేతుల్లో తుపాకులు లేవు, నిజమే. దురైయప్పను తురోగి అని వేదికల మీద తిట్టినవాళ్ళ చేతుల్లో కూడా తుపాకులు లేవు. వాళ్ళలో కొందరి పేర్లు పదేండ్లకో పదిహేనేండ్లకో అదే జాబితాలోకి ఎక్కినాయి. అమృతలింగం సంగతి అదే. ఇకమీదట ఈ పత్రికలో సీమకు సంబంధించి మాతో ఏకీభవించని మనిషిని ఆ మాటతో పిలవం. ఎవరైనా రాసి పంపితే ఆ మాట కొట్టేసి వేస్తాం. కోపం వచ్చినవాళ్ళు ఉత్తరం రాయండి, అదీ వేస్తాం.

యాడికి నుంచి రామగిరి దాకా, అది ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయినా సరే, 1975 నుంచి ఈ పొద్దుటి దాకా రాజకీయం కోసం చంపబడిన ప్రతి మనిషి వివరం ఒకచోట రాయాలని అనుకుంటున్నాం. ఏ పార్టీ, ఏ వర్గం అని చూడం. పోలీసు చంపినా, దళం చంపినా, ముఠా చంపినా ఒకటే పుస్తకం. ఎక్కడ, ఎప్పుడు, ఏ పేరు పెట్టి చంపినారు, అప్పుడు ఊర్లో రాజీ ఉండిందా లేదా, కేసు ఏమైంది, సాక్షి ఏమైనాడు, ఇంటివాళ్ళు ఇప్పుడు యాడున్నారు. ఇంటివాళ్ళు వద్దంటే పేరు అచ్చు వేయం, లెక్కలో మాత్రం ఉంచుతాం. ఇది సర్కారు చేయాల్సిన పని. చేయమని కలెక్టర్లకు అర్జీ కూడా ఇస్తాం. వాళ్ళు చేసేదాకా కూర్చోలేం.

రాయడం వచ్చినవాళ్ళు కార్డు మీద రాసి పంపండి. రానివాళ్ళు సంత రోజు మా మనుషులు కనబడితే నోటితో చెప్పండి, రాసుకుంటారు. మొదట మా మండలంతోనే, యాడికితోనే మొదలుపెడుతున్నాం. మగ్గం గుంటలోని ఆ పెద్దాయన అప్పుడే రెండు పేర్లు చెప్పినాడు. ఒక్కో వర్గం నుంచి ఒకటి.